మరణానికి ముందరి అధ్యాయం: మన జనాజా పుస్తకాలపై ఒక పరిశీలన

తెలుగులో ఇస్లామీ సాహిత్యం లేదని ఈనాడు ఎవరూ అనలేరు. 1925లో చిలుకూరి నారాయణరావు గారి ఖుర్ఆన్ అనువాదం వెలువడినది మొదలు ఈ వందేళ్ళలో ఖుర్ఆన్ అనువాదాలు, హదీసు సంకలనాలు, ప్రవక్త మహనీయుల (స) జీవిత చరిత్రలు, నమాజు పుస్తకాలు అనేకం వచ్చాయి. వీటన్నిటిలో చిన్నదీ, చవకైనదీ, పని పడితే తప్ప ఎవరూ తెరవనిదీ ఒకటి ఉంది. అది జనాజా పుస్తకం. పని పడిన రోజున మాత్రం ఇంటిల్లిపాదీ దానికోసమే వెదుకుతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదువు మాత్రం తెలుగులోనే సాగిన తరాలు ఉత్తరాంధ్ర పట్టణాలలో ఉన్నాయి. సాలూరు వంటి చోట, ఆలిం సాహెబు వచ్చి చేరేలోగా ఆ ఇంటికి ఆలిం ఆ పుస్తకమే.

కనుక దాన్ని విమర్శక దృష్టితో చదవవలసిన అవసరం ఉంది. ఏదో ఒక పుస్తకాన్నో, ఒక రచయితనో వేలెత్తి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. లోపం ఇంచుమించు అన్నిటిలోనూ ఒకటే. ఆ లోపానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం మంచం మీద ఉన్న మనిషి.

అర పేజీలో ముగిసే నెలలు

ఈ పుస్తకాలలో మెచ్చుకోదగినది లేకపోలేదు. గుసుల్ క్రమం, పురుషునికి మూడు, స్త్రీకి అయిదు కఫన్ వస్త్రాలు, నాలుగు తక్బీర్ల జనాజా నమాజు, ఖబరులో పరుండబెట్టే విధానం, వీటన్నిటినీ సామాన్యునికి అర్థమయ్యేట్లు వివరించారు. రచయితల శ్రద్ధకు అల్లాహ్ ప్రతిఫలం ప్రసాదించుగాక! అయితే ఈ వివరణకు ముందు ఏమున్నదో చూడండి. మరణ ఘడియ సమీపించినప్పుడు రోగిని ఖిబ్లా వైపు త్రిప్పాలి, కలిమా తల్ఖీన్ చేయాలి, యాసీన్ చదవాలి, ప్రాణం పోగానే కనురెప్పలు మూయాలి. అంతే. అర పేజీలో అయిపోయింది. తరువాతి పుట నుంచి గుసుల్ నీళ్ళు కాగుతూనే ఉంటాయి.

వెనుకటి కాలంలో ఈ అర పేజీ సరిపోయి ఉండవచ్చు. జ్వరమో, కలరాయో వచ్చి మనిషి నాలుగైదు రోజుల్లో వెళ్ళిపోయేవాడు. నేటి మరణం అలా లేదు. క్యాన్సరు, మూత్రపిండాల వ్యాధి, పక్షవాతం, ముదిరిన గుండె జబ్బు మనిషిని నెలల తరబడి మంచాన ఉంచుతాయి. సాలూరు నుంచి విజయనగరం, అక్కడి నుంచి విశాఖపట్నం, కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో తిరిగి తిరిగి, ఇక ఇంటికి తీసుకువెళ్ళమని డాక్టర్లు చెప్పిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుకూ, కనురెప్పలు మూసే రోజుకూ మధ్య ఎంతో కాలం గడుస్తుంది. ఆ కాలంలో రోగి భయపడతాడు, ఏడుస్తాడు, అప్పులు గుర్తు చేసుకుంటాడు, నమాజు తప్పుతున్నదని కుమిలిపోతాడు. మన పుస్తకం దగ్గర ఆ కాలానికి ఒక్క పుట లేదు.

ఇమాం నవవీ (రహ్మ) వరుస

ఈ లోపం ఇస్లామీ విద్యలోది కాదు. మన సంకలనకర్తల ఎంపికలోది. హదీసు గ్రంథాలలో జనాజా ఒక కితాబు, రోగులను గూర్చినది మరొక కితాబు. సహీహ్ బుఖారీలో ఈ రెండింటి మధ్య ఎన్నో కితాబులు ఉన్నాయి. జనాజా పుస్తకం వ్రాయబూనినవారు కితాబుల్ జనాయిజ్ తెరిచారు, కావలసినవి ఏరుకున్నారు, మూశారు. ఎంతో దూరాన ఉన్న కితాబుల్ మర్‌జా వైపు వెళ్ళలేదు. మరణించబోయే మనిషి ఆ రెండు కితాబుల మధ్య సందులో పడిపోయాడు.

అలా పడిపోకుండా పట్టుకున్న మహనీయుడు ఇమాం నవవీ (1233-1277). ఆయన ‘రియాజుస్సాలిహీన్’లో రోగిని పరామర్శించడం, మృతుని సాగనంపడం రెండింటినీ కలిపి ఒకే కితాబుగా కూర్చారు. అందులోని అధ్యాయాల వరుసను గమనించండి. మొదట పరామర్శ, తరువాత రోగి కోసం చేయవలసిన దుఆ, ఆ తరువాత రోగి ఎలా ఉన్నాడని ఇంటివారిని అడగడం. పిమ్మట బ్రతుకుపై ఆశ వదులుకున్నవాడు ఏమని వేడుకోవాలో ఒక అధ్యాయం. ఇంటివారూ, సేవ చేసేవారూ రోగి పట్ల మంచిగా మెలగాలనీ, అతనివల్ల కలిగే కష్టాన్ని ఓర్చుకోవాలనీ వారికి బోధించడం గురించి మరొకటి. నాకు నొప్పిగా ఉంది, నా తల పగిలిపోతోంది అని రోగి చెప్పుకోవడంలో దోషం లేదని, అది దైవ నిర్ణయంపై విసుగు కానంతవరకు అనుమతమేనని ఇంకొకటి. ఇవన్నీ అయిన తరువాతనే తల్ఖీన్, ఆ తరువాతనే కన్నులు మూయడం!

మన పుస్తకం మొదలయ్యే చోటికి రాకముందే నవవీ ఆరు మెట్లు ఎక్కించారన్నమాట. అంతటితో ఆగలేదు. ‘అల్ అజ్‌కార్’ అనే మరో గ్రంథంలో, రోగిలో భయం కనిపిస్తే అతని మంచి పనులను అతనికే గుర్తు చేసి ఆ భయం పోగొట్టాలనీ, ప్రభువుపట్ల అతనికి మంచి ఆశ కలిగించాలనీ ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. ఈ రెండు గ్రంథాలూ మన మదరసాలకు కొత్తవి కావు. అయినా వీటి వరుస మన జనాజా పుస్తకాలలోకి రాలేదు.

అనువాదంలో మారిపోయిన అర్థాలు

అధ్యాయాలు లేకపోవడం ఒక లోపం. ఉన్న మాటలు తప్పుదారి పట్టడం మరొకటి. మూడు మాటలను చూద్దాం.

మొదటిది ‘మౌతా’. తల్ఖీన్ గురించిన హదీసులో ఈ పదమే ఉంది. పదార్థం మృతులనే. అయితే ఇక్కడ మరణం ముంగిట ఉన్నవారు అనే భావమని వ్యాఖ్యాతలు వివరించారు. కొన్ని తెలుగు పుస్తకాలలో ఇది ‘చనిపోయినవారికి’ అని దిగింది. చదివిన సామాన్యుడు బ్రతికి ఉన్నప్పుడు నోరు మూసుకొని, పోయిన తరువాత చెవిలో కలిమా వినిపిస్తే తప్పు అతనిదా, అనువాదకునిదా? ‘మరణాసన్నులకు’ అన్న ఒక్క మాట వ్రాస్తే సరిపోయేది.

రెండవది ‘సకరాత్’. దీనిని మనవారు ‘మరణ యాతన’ అని అనువదిస్తూ వస్తున్నారు. యాతన అనగానే తెలుగువాని చెవికి యమలోకమూ, పాపికి విధించే శిక్షా వినిపిస్తాయి. అరబీ పదానికి ఆ వాసన లేదు. మత్తు, మైకం అనే అర్థాలున్న ధాతువు నుంచి పుట్టిన పదమది. తెలివిని కమ్ముకునే తెరలు అని భావం. ‘మరణ మైకం’ అంటే దగ్గరగా ఉంటుంది. ఇది పదాల పట్టింపు కాదు. ఎగశ్వాస వస్తున్న తండ్రి మంచం ప్రక్కన నిలబడి ‘యాతన’ అనుకున్న కొడుకు, ఆయన చేసిన పాపమేమిటా అని లోలోన లెక్క వేయడం మొదలుపెడతాడు. బంధువులు ముఖం చూసి ఖాతిమా మంచిదో చెడ్డదో తీర్పు చెప్పుకుంటూ పోతారు. ప్రవక్త మహనీయులే (స) తమ అంతిమ ఘడియల్లో నీళ్ళ పాత్రలో చేతులు తడిపి ముఖం తుడుచుకుంటూ మరణానికి సకరాత్ ఉన్నాయని పలికినట్లు బుఖారీలో ఉన్నది. ఆ దృశ్యాన్ని చూసిన తరువాత మరెవరి మరణమైనా కఠినంగా ఉంటే దాన్ని చెడుగా భావించలేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మోమినుల తల్లి వదులుకున్న తీర్పును మన వాడకట్టు బంధువులు ఎలా చెబుతున్నారు?

మూడవది ‘సబ్ర్’. ఓర్పు, సహనం అని అనువదిస్తున్నాం. తప్పు లేదు. కాని మన వాడుకలో ఓర్పు అంటే నోరు మెదపకుండా ఉండటం. నొప్పికి మూలిగిన ముసలి తల్లికి ‘సబ్ర్ చెయ్యమ్మా’ అని చెప్పి ఆమె నోరు నొక్కేస్తున్నాం. హజ్రత్ యాఖూబ్ (అలై) తన దుఃఖాన్ని అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. హజ్రత్ అయ్యూబ్ (అలై) తనను బాధ తాకిందని చెప్పుకున్నారు. హజ్రత్ ఆయిషా (రజి) తలనొప్పితో మూలిగితే ప్రవక్త (స) ఆమెను మందలించలేదు. తన తల కూడా నొప్పిగానే ఉందని చెప్పారు. బాధను చెప్పుకోవడానికీ, దైవాన్ని నిందించడానికీ మధ్య హద్దును షరీఅత్ స్పష్టంగా గీచింది. మన పుస్తకాలు ఆ హద్దును చూపకుండా నోటికే తాళం వేశాయి.

దాచిపెట్టడం దయ అవుతుందా?

రోగికి అతని స్థితి చెప్పకూడదనేది మన కుటుంబాలలో స్థిరపడిన ఆచారం. దీనికి ఆధారంగా తిర్మిజీలోని ఒక హదీసును చూపుతారు. రోగి వద్దకు వెళ్ళినప్పుడు అతని ఆయువు విషయంలో ఊరట కలిగించమని దాని సారాంశం. దాని సనదు బలహీనమని హదీసు వేత్తలు తేల్చారు. బలహీనత మాట అటుంచినా, ఊరట కలిగించడం అంటే ఊపిరి సలిపేట్లు చేయడమే కాని అబద్ధపు హామీ ఇవ్వడం కాదు.

ముస్తఫా అస్సిబాయీ (1915-1964) ఇస్లామీ నాగరికతను గూర్చి వ్రాస్తూ ట్రిపోలీలోని ఒక వక్ఫును ప్రస్తావించారు. ఆ వక్ఫు ఆదాయంతో ఇద్దరు మనుషులను నియమించేవారట. వారు రోజూ ఆసుపత్రిలో తిరుగుతూ, రోగి చెవిన పడేట్లు నెమ్మదిగా, ఇతని ముఖంలో కళ వస్తున్నదే అన్న ధోరణిలో మాట్లాడుకోవాలి. రోగి మనస్సు కోసం ఆస్తి రాసిచ్చిన ఆ దాత హృదయం ఎంత గొప్పది! ఈ ఉదంతాన్ని మన ప్రసంగాలలో గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడ. కాని కోలుకోగలవానికి ఔషధమైన ఆ గుసగుస, కోలుకోలేనివానికి ఏమవుతుంది? అతడు అప్పులు తీర్చడు. వసియ్యత్ చెప్పడు. పదేళ్ళుగా మాటలు లేని తమ్ముణ్ణి పిలిపించి క్షమాపణ అడగడు. రేపు లేస్తాననుకుంటూనే వెళ్ళిపోతాడు. అతని హక్కును మనం దయ పేరిట కాజేసినట్లే.

వీలునామా మాటెత్తితే అపశకునమని భావించేవారు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉదంతాన్ని చదవాలి. మక్కాలో ఆయన తీవ్రంగా జబ్బుపడినప్పుడు ప్రవక్త (స) పరామర్శకు వెళ్ళి నుదుట చేయి వేశారు. ఆస్తిలో ఎంత భాగం దానం చేయవచ్చునన్న చర్చ ఆ మంచం మీదనే జరిగింది. మూడవ వంతు, అది కూడా ఎక్కువేనన్న సూత్రం అక్కడి నుంచే మనకు లభించింది. ఆ మాట ఎత్తినందువల్ల ఎవరూ చనిపోలేదు. సఅద్ (రజి) ఆ తరువాత దశాబ్దాలపాటు జీవించి ఇరాఖ్ విజయాలకు సేనాధిపతి అయ్యారు.

చెప్పడమంటే ముఖాన కొట్టినట్లు చెప్పడమని కాదు. అడిగేదాకా ఆగాలి, అడిగినంత చెప్పాలి. ఒక ముసలి పల్లెవాసిని ప్రవక్త (స) పరామర్శించి ఈ జబ్బు పరిశుద్ధం చేస్తుందని ధైర్యం చెబితే, అతడు ఒప్పుకోలేదు, ఇది తనను గోరీకి చేర్చే జ్వరమన్నాడు. అయితే అలాగే కానిమ్మన్నారు మహనీయులు. రోగి మాటకు వాదం పెట్టుకోలేదు. మన పరామర్శకులలో ఎంతమంది ఆ వాదం మానుకోగలరు?

బలవంతపు చెంచా

ప్రవక్త మహనీయులు (స) చివరి జబ్బుతో ఉన్నప్పుడు, వద్దని సైగ చేస్తున్నా ఇంటివారు నోటిలో ఒక ప్రక్కగా మందు పోశారు. రోగి మందును ఇష్టపడడు గదా, అందుకే వద్దంటున్నారని వారు తలచారు. తెలివి రాగానే మహనీయులు ఆ పనిని తీవ్రంగా ఆక్షేపించారు. బుఖారీలోని ఈ ఉదంతం మన జనాజా పుస్తకాల మొదటి పుటలో ఉండవలసింది. ఎందుకంటే నేడు ప్రతి ఇంటా జరుగుతున్నది ఇదే. మ్రింగలేని వాని నోట చెంచాతో గంజి పోయడం, వద్దన్న సూది వేయించడం, ఇష్టం లేకున్నా మళ్ళీ అంబులెన్సు ఎక్కించడం. ప్రేమతోనే చేస్తారు. ఆ ఇంటివారూ ప్రేమతోనే చేశారు.

తల్ఖీన్‌లోనూ ఇదే బలవంతం. అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మ, మ. 797) మరణశయ్యపై ఉండగా ఒకాయన మాటిమాటికీ కలిమా పలికించబోయాడు. నేను ఒకసారి పలికాక వేరే మాట మాట్లాడనంతవరకు దానిమీదే ఉన్నట్లని ఆ మహా ముహద్దిసు అతనికి నచ్చజెప్పారు. తిర్మిజీ దీన్ని పేర్కొన్నారు. విసిగించవద్దని ఫుఖహాలు హెచ్చరించినది అందుకే. విసుగులో రోగి నోట కాదనే మాట వస్తే ఆ భారం ఎవరిది? మంచం చుట్టూ పదిమంది చేరి గొంతు చించుకొని కలిమా చదవడాన్ని మన పుస్తకాలు ఒక్క వాక్యంతో నివారించి ఉండవచ్చు.

నొప్పి మందుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మార్ఫీన్ మత్తు పదార్థం కనుక హరామేమో, కలిమా మరచిపోతాడేమో అన్న భయంతో రోగిని నొప్పిలోనే వదిలేసే కుటుంబాలు ఉన్నాయి. అత్యవసరం నిషేధాన్ని సడలిస్తుందనే సూత్రం కింద, వైద్యుని సలహాపై తగిన మోతాదులో వాడటాన్ని నేటి ఫిఖ్‌హ్ పండితులు అనుమతించారు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం వల్ల మన దేశంలో మార్ఫీన్ దొరకడమే కష్టమైంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి వైద్య వినియోగానికి దారి సుగమం చేశారు. నమాజు వేళకు కొంత తెలివిగా ఉండాలని రోగి కోరుకుంటే, ఆ కోరికను డాక్టరుకు చెప్పి మోతాదు వేళలు సర్దించడం ఇంటివారి పని. నొప్పితో అల్లాడేవానికి జిక్ర్ సాగదన్నది కూడా మరువరాదు.

ఇతరులు చేసినది, మనం చేయవలసినది

1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్స్ అనే సంస్థను మరణాసన్నుల కోసం తెరిచారు. శరీరపు నొప్పి, మనసు నొప్పి, కుటుంబ చింత, ఆత్మ వేదన నాలుగూ ఒకే నొప్పికి నాలుగు ముఖాలని ఆమె బోధించారు. 1993లో కాలికట్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు నొప్పి నివారణ సంఘం స్థాపించారు. అది క్రమంగా ఇళ్ళకు వెళ్ళే ఉద్యమమైంది. ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న మలప్పురం జిల్లాలో సామాన్య గృహస్థులు శిక్షణ పొంది ఇరుగుపొరుగు రోగుల వద్దకు వెళ్ళారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనికి ఒక విధానమే ప్రకటించింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన చికిత్సా విభాగాన్ని నడుపుతున్నది. దూరం ఎందుకు? సాలూరులోనే లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి, లోకం వెలివేసిన కుష్ఠు రోగులను దశాబ్దాలుగా అక్కున చేర్చుకున్నది. ముట్టడానికి జంకే చోట చేయి వేయడం ఎలాగో ఈ ఊరివారికి ఒకరు వచ్చి చెప్పనక్కరలేదు.

అయితే వీటిలోనూ మనం కళ్ళు తెరచి చూడవలసింది ఉంది. రోగుల ఆధ్యాత్మిక అవసరాలను గూర్చి వైద్యులు వ్రాసే పుస్తకాలలో ముస్లిం రోగి అనగానే ఖిబ్లా, యాసీన్, జమ్‌జమ్ నీళ్ళు అని మూడు ముక్కలు కనిపిస్తాయి. వారికి ఆ జాబితా ఎవరిచ్చారు? మన అర పేజీయే ఇచ్చింది. మనం వ్రాసుకున్నంతే లోకం మనను చదువుతుంది.

కనుక రాబోయే ముద్రణలలో ఆ తప్పిపోయిన అధ్యాయం చేరాలి. అందులో పడుకొని, సైగతో చేసే నమాజు ఉండాలి. నీళ్ళు తగలరానివానికి తయమ్ముం, మూత్రపు గొట్టం ఉన్నవానికి ప్రతి నమాజు వేళకు ఒక వుజూతో సరిపెట్టే మాజూర్ నియమం ఉండాలి. అశుద్ధంగా ఉన్నాను, నా నమాజు చెల్లదు అని ఏడ్చే రోగికి ఆ నాలుగు పంక్తులే పెద్ద మందు. అప్పులు, అమానతులు, వసియ్యత్ రాసుకునే తీరు ఉండాలి. పరామర్శకు వెళ్ళేవారు ఎంతసేపు కూర్చోవాలి, ఏమి మాట్లాడకూడదు అన్నది ఉండాలి. రోగిని మనకోసం దుఆ చేయమని కోరడం ఉండాలి. ఎందుకూ పనికిరానివాణ్ణయ్యానని కుమిలేవానికి, తన నుంచి ఇంకా ఒకరు ఆశించేది ఉందని తెలియడం కంటే ఊరట ఏముంది? హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, కుమారుడు ప్రవక్త (స) ఇచ్చిన శుభవార్తలను ఆయనకు గుర్తు చేశాడు. ప్రతి కొడుకూ, కూతురూ నేర్చుకోవలసిన విద్య అది. రాత్రింబగళ్ళు సేవ చేసేది ఎక్కువగా ఇంటి ఆడవారే కనుక ఆ అధ్యాయం వారిని ఉద్దేశించి వ్రాయాలి. వారి అలసటకు కూడా అందులో చోటుండాలి.

భయానికీ ఆశకూ మధ్య ఎలా నడిపించాలన్నది ఆ అధ్యాయానికి ప్రాణం. మరణాసన్నుడైన ఒక యువకుణ్ణి ఎలా ఉన్నావని ప్రవక్త (స) అడిగితే, అల్లాహ్‌పై ఆశ ఉంది, నా పాపాల భయమూ ఉంది అన్నాడు. ఆ స్థితిలో ఈ రెండూ కలిగిన దాసునికి అతడు ఆశించినది దొరుకుతుందనీ, భయపడినదాని నుంచి రక్షణ లభిస్తుందనీ మహనీయులు చెప్పారు. ఇక్కడ మొదట జరిగింది బోధ కాదు, ప్రశ్న. అడిగారు, విన్నారు, తరువాతనే చెప్పారు. మన పుస్తకాలు చెప్పడంతో మొదలవుతున్నాయి.

ఈ పని పుస్తకంతోనే ముగియదు, మస్జిదుకు చేరాలి. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం ప్రవక్త (స) మస్జిదులోనే గుడారం వేయించారు. గాయపడినవారికి సేవ చేసే రుఫైదా అనే మహిళ ఆయనను చూసుకునేది. దగ్గరగా ఉంటే పరామర్శించడం సులువని ఆ ఏర్పాటు. మహనీయులు ప్రొద్దున, సాయంత్రం ఆగి ఎలా ఉన్నావని అడిగేవారు. ఆ గాయంతోనే సఅద్ (రజి) కన్నుమూశారు. బ్రతకబోనివానిని మస్జిదు తన మధ్యకు తెచ్చుకున్నది. నేడు మన మస్జిదు నుంచి రోగి ఇంటికి వెళ్ళేది జనాజా పెట్టె ఒక్కటే. దానికంటే ముందు ఒక మనిషి వెళ్ళాలి.